వేంబనాటి నీటియంచున

కొట్టాయము పట్టణమును వీడి పడమటి దిక్కుగా పయనించువానికి, కొంత దూరము పోవుసరికే, బాట కిరుప్రక్కల నున్న వరిమళ్లు బాటకంటె పల్లములోనికి జారుచుండుటయు, మళ్ల నడుమ కాలువలు పొడసూపి క్రమముగా వెడల్పగుచుండుటయు, ఇండ్ల వాకిళ్లలో బండ్లకు మారుగా పడవలు కట్టియుండుటయు కానవచ్చి, తుదకు కొబ్బరితోపుల సందున వేంబనాడు ప్రత్యక్షమగును. ఆవలియొడ్డు సన్నని నల్లగీతగా మాత్రమే తోచును. అరేబియా సముద్రమునకును ఈ జలరాశికిని నడుమ నడ్డుగా నున్నది ఇరుకైన ఇసుకనేల. కొచ్చి కడ సముద్రముతో కలియుచు, పంపా, అచ్చన్‌కోవిల్, మణిమల, మీనచ్చిల్ నదుల మంచినీటిని తనలో నింపుకొనుచు, ఉప్పునకును తీపికిని నడుమ ఏడాది పొడుగునను ఊగిసలాడు ఈ ఉప్పుకయ్య సుమారు 96 కిలోమీటర్లు సాగి, మన దేశపు సరస్సులలో కెల్ల పొడవైనదిగా పేరొందినది. దీని తూర్పుటొడ్డున నున్న కుమరకము నేడు విలాసవంతములగు హోటళ్లకు ఆటపట్టు.

2000వ సంవత్సరాంతమున నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ఇచ్చట విశ్రమించుచు వ్రాసిన వ్యాసములు మరుసటి జనవరిలో పత్రికల కెక్కగా ఈ గ్రామనామము దేశమంతట వినబడినది. అంతకు శతాబ్దము పూర్వమే బేకర్ అను ఆంగ్లమిషనరీ కుటుంబమువారు కట్టుకొన్న బంగళా తాజ్ వారి హోటలులో ఇప్పటికిని నిలిచియున్నది. వారి తోట పక్షుల శరణాలయమైనది. అరుంధతీ రాయ్ గారికి 1997లో బుకర్ బహుమానము తెచ్చిన నవలకు రంగస్థలమైన అయ్మనము ఇచ్చటి కెంతో దూరము లేదు.

ఇచ్చటి హోటళ్లలో నాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచినది వాని గృహనిర్మాణము. మధ్య కేరళమందు పాడువడుచున్న, తరవాడు లనబడు పాత ఉమ్మడికుటుంబపు ఇండ్లను కొని, దూలమునకు దూలము, పలకకు పలక గుర్తు పెట్టుచు ఊడదీసి, పడవలపై తెచ్చి, పాతరీతి నెరిగిన వడ్రంగులచేతనే ఈ యొడ్డున మరల నిలబెట్టించిన కొన్ని హోటళ్లున్నవి. కోనసీమలో మండువాలోగిలి నెరిగినవానికి ఆ నాలుగువైపుల వసారాలును, నడుమ ఆకాశమునకు తెరచిన వాకిలియు, వాన కురిసినప్పుడు పెంకుల అంచులనుండి వాకిటిలోనికి నలుదిక్కుల నీరు పడు చప్పుడును పరాయివి కావు; అయినను మన లోగిళ్లు ఏటేట కూలి కలప అంగళ్లకు చేరుచుండగా, ఇచ్చట అవియే ధనవంతులగు అతిథులకు శయనాగారములై బ్రతికియుండుట చూచినపుడు మనసున సంతోషమును, కించిత్ వ్యథయు ఒక్కమారే కలుగును. గదిగదికిని గుమ్మముముందు పారు ఈతకొలను మాత్రము నాకు అనవసరముగా తోచినది. అంతటి నీరు ఎదుట నుండగా మరియొక నీరేల?

నగరవాసి విశ్రాంతి యనగా చూడవలసిన స్థలముల పట్టికను చేతబట్టి తిరుగుటయే యని తలంచును. కుమరకమున చూడవలసినవి స్వల్పము. అదియే దీని భాగ్యము. తైలమర్దనము చేయు వైద్యశాలలున్నవి, సాయంకాలము కథకళి ప్రదర్శనములున్నవి. వానిని గూర్చి ప్రకటనపత్రములే చెప్పును. నేను చెప్పదలచినది వసారాలోని పడకకుర్చీని గూర్చి. దానిలో కూర్చుండి ఉదయమున నీటివంక చూచుచుండగా, మొదట ఏమియు జరుగుచున్నట్లు తోచదు. కొంతసేపటికి కన్ను కుదుటబడి, మెడమాత్రము పైకెత్తి పాములాగున ఈదు పక్షియు, దూరమున చిన్న పడవలో నిలుచున్న మనిషియు వేరువేరుగా కనబడ సాగును. ఆ మనిషి పొడవైన గెడకు కట్టిన ఇనుపపండ్ల వలను నీటి యడుగున దింపి, గెడను భుజమునకు చేర్చి ఈడ్చి, బురదను నీటిలోనే జాడించి, నల్లని గుల్లలను పడవలో కుమ్మరించును. మరల దింపును. ఎండ ముదురునప్పటికి పడవ యంచు నీటికి బెత్తెడెత్తున మాత్రమే యుండును. ఒడ్డున స్త్రీలు వానిని ఉడికించి, జల్లెడపట్టి మాంసమును వేరుచేయుదురు. మిగిలిన చిప్పలు సున్నమునకు పోవును. ఇతరుల శ్రమను చూచుచు సుఖించుట తగునా యను సందేహము నన్ను బాధింపకపోలేదు. కాని కన్ను మూసికొని పొందు సుఖముకంటె చూచుచు పొందు సుఖమే మేలని యెంచితిని.

మధ్యాహ్నభోజనమున కరిమీన్ లేనిది ఇచ్చట అతిథిమర్యాద లేదు. 2010లో కేరళప్రభుత్వము రాష్ట్రమత్స్యముగా ప్రకటించిన ఈ పలుచని గుండ్రని చేపకు నిలువుగా గాట్లు పెట్టి, కారము, పసుపు, మిరియములు పట్టించి, పెనముమీద కొంచెము వేయించిన పిమ్మట, చిన్నయుల్లి, అల్లము, కరివేపాకు నూనెలో మ్రగ్గిన ముద్దను పైనను క్రిందను పరచి, వాడ్చిన అరటియాకులో చుట్టి, నారతో కట్టి, ఆకు నల్లబడువరకు పెనముపైనే కాల్తురు. కట్టు విప్పగానే వెలువడు ఆవిరిలో ముందుగా అరటియాకు వాసనయు, తరువాత మసాలా ఘాటును వచ్చును. ముండ్లు సన్నవి గనుక తొందరపడువానికి ఈ చేప లొంగదు. ఆడుమగలు రెండును కూడి గ్రుడ్లకు కావలి కాయు జాతి యిది. అందుకు అడుగున నిర్మలమైన చోటు కావలెను. అట్టి చోట్లు తగ్గుచున్నవి.

ఈ నీటి నిశ్చలత కొంత మానవనిర్మితము. దక్షిణమున సముద్రమట్టమునకు దిగువ నున్న కుట్టనాడు పొలములలోనికి ఉప్పునీరు రాకుండుటకై గత శతాబ్దము ఎనిమిదవ దశకమున తణ్ణీర్‌ముక్కము కడ సరస్సున కడ్డముగా తలుపులుగల కట్ట కట్టిరి. సముద్రమట్టమునకు దిగువ సేద్యము చేయు ఆ రైతుల నేర్పును 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారు ప్రపంచ ప్రాముఖ్యముగల వ్యవసాయవారసత్వముగా గుర్తించిరి. వారి కష్టము సామాన్యమైనది కాదు. కాని డిసెంబరు నడుమ మూసి మార్చి నడుమ తెరువవలసిన తలుపులు, పంట ఆలస్యమైన ఏడుల మరి కొన్ని వారములు మూతబడియే యుండును. ఆటుపోట్లు ఆగిన నీటిలో గుర్రపుడెక్క విజృంభించును. గ్రుడ్లు పెట్టుటకు ఉప్పుదనము కోరు నల్లగుల్లయు, ఉప్పునీటికి పోయి సంతానము కనవలసిన మంచినీటి పెద్దరొయ్యయు క్షీణించును. యాత్రికుల కోలాహలము మిక్కుటముగా నుండు నెలలును, తలుపులు మూసిన నెలలును ఒక్కటియే. మన కన్నులకు మనోహరమైన ఆ అద్దమువంటి నీరు గుల్లలేరువానికి కరవు.

కట్టవద్దకు పోవలెనని నేను కోరగా పడవవాడు ఆశ్చర్యపడి, “అక్కడ చూచుట కేమున్నది సారే?” అనెను. అయినను తీసికొనిపోయెను. దారిలో, ఒకప్పుడు ఒక్క మేకైనను లేక పీచుత్రాళ్లతో పలకలు కుట్టి, కుట్టనాటి ధాన్యమును కొచ్చికి మోసిన కెట్టువళ్లము లను పడవలు, నేడు పడకగదులు మోయుచు, డీజిలు తెట్టెను వెనుక విడుచుచు మమ్ము దాటిపోయెను. కట్ట కడ ఒకప్రక్క దట్టముగా గుర్రపుడెక్క, మరియొక ప్రక్క తేటనీరు. పడవవాని తండ్రి గుల్లలు పట్టెడివాడట. తలుపులు తెరచిన పదిదినములకు నీటి రుచి మారుననియు, పిదప చేపయు తిరిగివచ్చుననియు అతడు చెప్పెను.

కనుక కుమరకమునకు పోదలచినవారికి నా సలహా: శీతకాలపు రద్దీని విడిచి, తలుపులు తెరచిన పిమ్మటనో, జూన్‌లో తొలివాన పడినప్పుడో పొండు. గది వెలయు అప్పుడు తగ్గును. ఒక సాయంకాలము హోటలు పడవను కాదని, రాష్ట్రజలరవాణాశాఖవారి పడవ నెక్కి ఆవలియొడ్డుననున్న ముహమ్మకు పోయిరండు. విద్యార్థులతోను, కాయగూరల బుట్టలతోను ప్రయాణము చేయునపుడు సరస్సు వెడల్పు శరీరమునకు తెలియును. హోటళ్లవారికిని ఒక మనవి కలదు. ఈ నీటివలననే వారి వ్యాపారము వర్ధిల్లుచున్నది. రైతుల పంటకాలమును నియమితము చేసి, తలుపులను సకాలమున తెరువవలెనని ఏండ్ల తరబడి మొరపెట్టుచున్న జాలరుల పక్షమున మాట్లాడినచో, ప్రభుత్వము చెవియొగ్గునంతటి పలుకుబడి గలవారు ఈ తీరమున వారే.