ఫ్రాయిడ్‌కు హార్నీ వేసిన ప్రశ్న

ఆడతనం, మగతనం పుట్టుకతోనే తేలిపోతాయని మనం అనుకుంటాం. వియన్నా వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ 1905లో ఈ నమ్మకాన్ని కదిలించాడు. ప్రతి మనిషిలోనూ స్త్రీ పురుష లక్షణాలు రెండూ ఉంటాయనీ, లైంగిక భావన శైశవంలోనే మొదలవుతుందనీ, అది ఎవరివైపు మళ్లాలో ముందే రాసిపెట్టి ఉండదనీ చెప్పాడు.

అదే ఫ్రాయిడ్ 1925లో, ఆడపిల్ల తనకు పురుషాంగం లేదని అసూయ పడుతుందనీ, స్త్రీ మనస్తత్వానికి అది ముఖ్యమైన మూలమనీ రాశాడు. బెర్లిన్‌లోని మనోవిశ్లేషకురాలు కారెన్ హార్నీ 1926లో దీన్ని ఎదిరించింది. ఈ శాస్త్రాన్ని కట్టింది చాలావరకు మగవాళ్లే, అందుకే అది స్త్రీని మగవాడి కళ్లతో చూస్తోంది అంది. తల్లి కాగల శక్తిని చూసి మగవాడికి అసూయ ఉండదా అనీ అడిగింది. సమాజం స్త్రీని అణచి ఉంచడాన్ని లెక్కలోకి తీసుకోవద్దా అంది.

సైన్సు విద్యార్థిగా నాకు హార్నీ మాటే సబబనిపిస్తుంది. కొలిచేవాడు ఎక్కడ నిలబడ్డాడో చూడకుండా కొలతను నమ్మలేం. మా ఇంట్లో నాట్లూ కలుపుతీతా అక్కవి, కాలేజీ చదువు నాది. అక్కకు నా మీద అసూయ ఉంటే కారణం వెతకడానికి వియన్నా దాకా పోనక్కర్లేదు.

ఫ్రాయిడ్ ఊహలు చాలా నిలవలేదు. మిత్రులారా, అయినా ఇద్దరినీ పక్కపక్కన పెట్టుకుని చదవండి.