మత్తుమందు మరణం: నేరమా, పొరపాటా?

న్యూఢిల్లీ: ఆపరేషన్ బల్లమీద రోగి మరణిస్తే డాక్టరును జైలుకు పంపవచ్చునా? ఈ ప్రశ్న సుప్రీంకోర్టుదాకా వెళ్లడానికి మూలం 1994 ఏప్రిల్‌లో ఢిల్లీలో జరిగిన ఒక మామూలు శస్త్రచికిత్స. ముక్కు వంకర సరిచేయించుకోబోయిన యువకుడొకరు మరి లేవలేదు. కోసినచోటి రక్తం శ్వాసమార్గాన్ని మూసివేయగా ఊపిరాడక మరణించినట్లు శవపరీక్షలో తేలింది.

పూర్తి మత్తులో ఉన్న మనిషి దగ్గలేడు, పొలమారదు. మెలకువలో మెతుకు అడ్డుపడితేనే ఉక్కిరిబిక్కిరయ్యే శరీరం, అప్పుడు రక్తాన్నీ, కడుపులోనుంచి ఎగదన్నిన ఆహారాన్నీ కూడా ఊపిరితిత్తులలోకి పోనిస్తుంది. ఆపరేషన్‌కు కనీసం ఆరుగంటల ముందునుంచి అన్నం పెట్టవద్దనేది అందుకే. నీరసపడతాడని రెండు ఇడ్లీలు రహస్యంగా తినిపించే బంధుప్రేమ ప్రాణాంతకం. రక్తస్రావపు భయమున్నచోట శ్వాసనాళంలోకి గొట్టం దింపి, దాని చుట్టూ ఉన్న గాలితిత్తిని ఉబ్బించి, దారి మూస్తారు. తగిన కొలతగల అటువంటి గొట్టం వేయలేదన్నదే ఢిల్లీ సర్జన్‌పై అభియోగం. రోగి ఊపిరిని కనిపెట్టి ఉండండని హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు 1888, 1889లలోనే ఘోషించాయి. గుండెకు ప్రమాదం లేదన్న వారి మాట తరువాత తప్పని తేలినా, ఈ హెచ్చరిక మాత్రం నిలిచింది.

2004 ఆగస్టు 4న సుప్రీంకోర్టు ఆ సర్జన్‌పై క్రిమినల్ కేసును కొట్టివేసింది. జాగ్రత్త లోపించి ఉండవచ్చు, దానికి నష్టపరిహారం కోరవచ్చు. జైలుశిక్షకు మాత్రం ఘోర నిర్లక్ష్యం రుజువు కావాలన్నది. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో ప్రధాన న్యాయమూర్తి లాహోటీ, మరి ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం దీనిని ఖాయపరచింది. స్వతంత్ర వైద్యాభిప్రాయం లేనిదే డాక్టర్లపై చర్య వద్దని, ఆరోపణ రాగానే అరెస్టు చేయరాదని కూడా ఆదేశించింది.

పార్లమెంటు సైతం డాక్టర్ల పక్షమే వహించింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత నిర్లక్ష్యపు మరణానికి ఐదేళ్లవరకు శిక్ష విధించగా, చికిత్స చేస్తున్న రిజిస్టర్డు డాక్టరుకు రెండేళ్లే గరిష్ఠం.

అరెస్టు భయంతో చేయి వణికితే కత్తి పట్టలేమన్న డాక్టర్ల వాదన కాదనరానిది. కాని ఆపరేషన్ గదిలో చూచినవారు ఆసుపత్రివారే, తరువాత అభిప్రాయం చెప్పేవారూ డాక్టర్లే. స్పృహలేని రోగి దేనికీ సాక్షి కాడు. ఇక మిగిలిన సాక్షి, నాడి, రక్తపు పోటు, ప్రాణవాయువు అయిదేసి నిమిషాలకు వ్రాసే మత్తుమందు పట్టిక ఒక్కటే. దాని నకలు అడిగిన 72 గంటలలో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి చెబుతున్నది. బంధువులు మొదటిరోజే, వ్రాతపూర్వకంగా అడగాలి.