ధర్మాసుపత్రి ఖర్చు ఎవరిది?

వరి పొలంలో కలుపు తీస్తున్న ఒకామెను రక్తపింజర కరిచిందనుకోండి. పక్క చేలో ఉన్నవాళ్లు పరుగెత్తుకొచ్చారు. గాటు కోయలేదు, నోటితో పీల్చలేదు, మంత్రగాడి కోసం వెతకలేదు. కాలు కదలకుండా ఒక కర్ర ఆసరా పెట్టి, 108కి ఫోన్ చేశారు. బండి మండల కేంద్రానికి చేరింది. అక్కడ రోడ్డుకు ఒక పక్క ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, మరో పక్క ఒక ప్రైవేటు నర్సింగ్ హోం ఉన్నాయి. మొదటిచోట మందుకు డబ్బు అడగరు. రెండోచోట బిల్లు కట్టాలి.

మొదటిదాన్ని మన తాతలు ధర్మాసుపత్రి అనేవారు. మరి ఆ ధర్మం ఎవరు చేస్తున్నారు? అది తెలియాలంటే మన దేశంలో వైద్య వ్యవస్థ ఎలా పనిచేస్తుందో చూడాలి.

నిచ్చెన మెట్లు

జలుబు, జ్వరం, విరేచనాలు చాలామందికి వస్తాయి. మూత్రపిండాలు దెబ్బతినడం కొద్దిమందికే జరుగుతుంది. అందుచేత చిన్న వైద్యం ప్రతి ఊరికీ దగ్గరగాను, పెద్ద వైద్యం కొన్నిచోట్లను ఉంటే చాలు. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1946లో ఇచ్చిన తన నివేదికలో ఇటువంటి అంచెల ఏర్పాటునే సూచించింది. డబ్బు కట్టలేని కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని కూడా ఆ సంఘం చెప్పింది.

మైదాన ప్రాంతాల్లో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 1,20,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలని లెక్క. కొండ, గిరిజన ప్రాంతాల్లో ఈ సంఖ్యలు 3,000, 20,000, 80,000. అక్కడ ఎందుకు తగ్గించారో ఊహించగలరా? ఇళ్లు దూరదూరంగా ఉంటాయి, దారులు కష్టంగా ఉంటాయి. మనుషుల సంఖ్యతోపాటు నడవవలసిన దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారన్నమాట! వీటిపైన జిల్లా ఆసుపత్రి, ఆ పైన వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉంటాయి.

ఒక మెట్టు విరిగితే ఏమవుతుంది? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు పోస్టు ఖాళీగా ఉందనుకోండి. చిన్న జ్వరానికి కూడా జనం జిల్లా ఆసుపత్రికి వెళతారు. అక్కడ వరుస పెరిగి, నిజంగా ప్రాణాపాయంలో ఉన్న రోగికి ఆలస్యమవుతుంది. కింది మెట్టు గట్టిగా ఉంటేనే పై మెట్టు పనిచేస్తుంది.

కనిపించని వైద్యం

ప్రైవేటు డాక్టరు తన దగ్గరికి వచ్చిన రోగిని చూస్తాడు. కాని రోగం రాకుండా చేసే పనికి రుసుము ఎవరిస్తారు? మీ వీధిలో దోమల మందు చల్లితే దాని లాభం అందరిదీ. ఎవరికీ విడిగా బిల్లు వేయలేం. అందుకే ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. పిలవకుండానే ఇంటింటికీ వస్తారు. పోలియో సంగతే చూడండి. ఒకప్పుడు ఏటా వేలాది పిల్లల కాళ్లను చచ్చుబడేలా చేసిన ఆ సహజ పోలియో వైరస్, మన దేశంలో చివరిసారి 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక పాపకు సోకింది. 2014 మార్చిలో భారతదేశం పోలియో లేని దేశంగా ధ్రువీకరణ పొందింది. రోగం రాని పిల్లలను మనం లెక్కపెట్టలేం; అందుకే ఈ వైద్యం కంటికి కనిపించదు.

వంకాయలు, వైద్యం

అయినా మన దేశంలో ఎంతోమంది ప్రైవేటు వైద్యానికే వెళుతున్నారు. దగ్గరగా ఉంటుంది, సాయంత్రం కూడా తెరిచి ఉంటుంది, ఎక్కువసేపు నిలబడనక్కరలేదు. పెద్ద నగరాల్లో గుండె, మెదడు శస్త్రచికిత్సలు చేసే గొప్ప ప్రైవేటు ఆసుపత్రులూ ఉన్నాయి.

అయితే ఇక్కడొక చిక్కుంది. సంతలో వంకాయలు పుచ్చులో కావో మీరే చూసి కొంటారు. ధర నచ్చకపోతే మరో కొట్టుకు పోతారు. వైద్యం అలా కాదు. ఏ పరీక్ష అవసరమో, ఏ మందు కావాలో రోగికి తెలియదు, అమ్మేవారే చెప్పాలి. పైగా పాము కరిచినవాళ్లు నాలుగుచోట్ల బేరమాడలేరు కదా! అమెరికా ఆర్థిక శాస్త్రవేత్త కెన్నెత్ ఏరో 1963లో ఈ తేడాను వివరించాడు. అందుచేతనే ప్రైవేటు ఆసుపత్రులకు రిజిస్ట్రేషను, నియమాలు అవసరమవుతాయి.

వెయ్యి ఇళ్ల లెక్క

ఇక డబ్బు సంగతి. 1,000 కుటుంబాలున్న ఊరిని తీసుకోండి. ఒక ఏడాదిలో 10 కుటుంబాలకు లక్ష రూపాయల చొప్పున వైద్యం అవసరమైందనుకుందాం. మొత్తం 10 లక్షలు. ఎవరి ఖర్చు వారిదే అయితే, ఆ 10 కుటుంబాలూ గేదెనో పొలాన్నో అమ్ముకోవాలి. అందరూ ముందుగానే పంచుకుంటే ఇంటికి 1,000 రూపాయలు! ఖర్చు మొత్తం మారలేదు. కాని ఏ ఇల్లూ కూలిపోలేదు. ఆ 10 ఇళ్లు ఏవో ముందుగా ఎవరికీ తెలియదు కాబట్టి, ఈ ఏర్పాటు 1,000 ఇళ్లకూ మేలే. అయితే రోగం వచ్చాకే చేరతామంటే కుదరదు. ఆరోగ్యవంతులు కూడా చేరితేనే లెక్క సరిపోతుంది.

ఇలా పంచుకోవడానికి రెండు దారులున్నాయి. మొదటిది బీమా. జర్మనీ 1883లోనే కార్మికులకు అనారోగ్య బీమా చట్టం చేసింది. రెండోది పన్నులు. బ్రిటన్‌లో 1948 జులై 5న మొదలైన జాతీయ ఆరోగ్య సేవ ప్రధానంగా పన్నుల డబ్బుతో నడుస్తుంది.

మన దేశంలో రెండూ కలిసి ఉన్నాయి. ప్రభుత్వ ఆసుపత్రులు పన్నులతో నడుస్తాయి. 1948 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన ఇ.ఎస్.ఐ.లో కార్మికుడు, యజమాని ఇద్దరూ చందా కడతారు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ వచ్చింది. పేద కుటుంబాలకు పెద్ద జబ్బు చేస్తే, ముందే నిర్ణయించిన ధర ప్రకారం ఆ ఖర్చును ప్రభుత్వమే ఆసుపత్రికి చెల్లిస్తుంది. ఆ ఆసుపత్రి ప్రైవేటుదైనా కావచ్చు. 2018లో దేశమంతటికీ ఉద్దేశించి మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకమూ ఇటువంటిదే. ప్రభుత్వ, ప్రైవేటు వైద్యాలు కలిసే చోటు ఇదే.

అయినా లోటు తీరలేదు. ఈ పథకాలు ముఖ్యంగా ఆసుపత్రిలో చేరినప్పుడు పనికొస్తాయి. రోజూ వాడే బి.పి. మాత్రలు, క్లినిక్ ఫీజు చాలామంది సొంతంగానే కట్టుకోవాలి. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం, 2013-14లో దేశంలో ఆరోగ్యంపై అయిన ప్రతి 100 రూపాయల్లో 64 ప్రజల జేబుల్లోంచి నేరుగా వెళ్లాయి. 2021-22 నాటికి అది 39కి తగ్గింది. తగ్గడం మంచిదే. కాని 39 రూపాయలంటే తక్కువేమీ కాదు.

మళ్లీ పొలానికి

పాము కరిచిన ఆమె దగ్గరికి తిరిగి వద్దాం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో విషానికి విరుగుడు ఇచ్చారు. రక్తపింజర విషం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది కనుక, డయాలసిస్ సౌకర్యమున్న పెద్ద ఆసుపత్రికి పంపారు. నిచ్చెన పనిచేసింది. పైసా తీసుకోలేదు.

అలాగని అది ఎవరో చేసిన దానం కాదు. ఆమె సబ్బు బిళ్ల కొన్నప్పుడు కూడా అందులో కొంత పన్ను చెల్లించింది. మీ ఇంట్లోవాళ్లూ చెల్లించారు. ఆ విరుగుడు మందు సీసాలో ఆమె పైసలూ ఉన్నాయి, మీవీ ఉన్నాయి. ధర్మాసుపత్రిలో అడగడం యాచించడం కాదు, హక్కు. అది బాగా నడిచేలా చూడటం మన బాధ్యత.

మీరే తెలుసుకోండి: మీ ఉపకేంద్రం ఎక్కడుంది? మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు ఉండే వేళలేమిటి? పాము విషానికి విరుగుడు మందు అక్కడ నిల్వ ఉందా? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు రాసి, మీ తరగతి గోడకు అంటించండి. ఎప్పుడో ఒకనాడు ఆ కాగితం ఒక ప్రాణాన్ని నిలపవచ్చు.