అద్దాల గదిలో అమానత్

తెలుగునాట వ్యాయామశాలకు ఒక పాత పేరు ఉన్నది: తాలింఖానా. కోస్తా పట్టణాలలో ఉర్దూ తెలియనివారు కూడా ఈ మాటను వాడేవారు. హైదరాబాదు పాతబస్తీలో కుస్తీ నేర్పే చోటును తాలీం అంటారు. మదరసాలో మేము పిల్లలకు చెప్పే చదువుకూ అదే పేరు. అరబ్బీలో తాలీం అంటే బోధన. దేహానికి బలాన్ని నేర్పే చోటును మన పెద్దలు చదువు చెప్పే చోటుగానే భావించారనడానికి ఈ పేరే సాక్ష్యం. చదువు ఉన్నచోట అదబ్ ఉంటుంది. అందుకే తాలీంలో ఉస్తాద్ పట్లు నేర్పడంతోపాటు పెద్దవారికి చోటివ్వడం, ఓడినవాణ్ణి కించపరచకపోవడం కూడా నేర్పేవాడు.

నేడు తాలీంల స్థానాన్ని జిమ్ములు ఆక్రమించాయి. మధుమేహం, రక్తపోటు లేని ఇల్లు కనబడని ఈ రోజులలో మన యువకులు, మన సోదరీమణులు వ్యాయామానికి వెళ్ళడం సంతోషించవలసిన విషయమే. అయితే నాలుగు గోడలకూ అద్దాలు తొడిగిన ఆ గదిలోకి తాలీం ఎరుగని వస్తువు ఒకటి ప్రవేశించింది. అది ఫోను కెమెరా. పక్కవాని గౌరవాన్నీ, తీసుకుంటున్నవాని సంకల్పాన్నీ ఒకేసారి దెబ్బతీయగల వస్తువు అది. మన దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. మన పక్కన చెమటోడుస్తున్న మనిషి దేహం కూడా, ఆ గదిలో ఉన్నంతసేపు, మన చేతిలోని అమానతే. ఈ ఒక్క మాటను పాఠకుల ముందు ఉంచాలన్నదే మా ఉద్దేశం.

బలం కోరదగినదే

బలవంతుడైన విశ్వాసి బలహీనుడైన విశ్వాసి కంటే అల్లాహ్‌కు ఎక్కువ ప్రీతిపాత్రుడని దైవప్రవక్త (స) తెలియజేశారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసును వ్యాయామం చేసే యువకులు ఉత్సాహంగా చెప్పుకుంటారు. కాని వెంటనే వచ్చే మాటను చాలామంది వదిలివేస్తారు. ఇద్దరిలోనూ మేలు ఉన్నదని కూడా ఆయన అదే హదీసులో సెలవిచ్చారు. బలాన్ని ప్రోత్సహించిన నోటితోనే బలహీనుని గౌరవాన్నీ కాపాడారు.

ఆయన తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారు. మొదటిసారి ఆమె గెలిచారు. కొంతకాలానికి ఆమె కాస్త ఒళ్ళు చేసిన తరువాత మళ్ళీ పందెం వేస్తే ఆయన గెలిచి, ఇది ఆనాటి పందేనికి బదులని నవ్వుతూ అన్నారు. భార్య దేహంలో వచ్చిన మార్పు ఆ ఇంట ఎత్తిపొడుపు కాలేదు. ఆటగానే మిగిలింది. కుటుంబాలలో వ్యాయామం గురించి మాట్లాడేటప్పుడు గుర్తుంచుకోవలసిన ఆదర్శం ఇది.

చోటివ్వడం, చోటును శుభ్రంగా వదలడం

జిమ్ములో పాటించవలసిన మర్యాదలు మనకు కొత్తవి కావు. సమావేశాలలో ఇతరులకు చోటు కల్పించమని దివ్యఖుర్ఆన్ ముజాదలా సూరాలో ఆదేశించింది. ఒకే యంత్రం కోసం ఇద్దరు వేచి ఉన్నప్పుడు, మన రెండు విడతల మధ్య విరామంలో మరొకరిని చేయనివ్వడం ఆ ఆదేశానికి లోబడే పనే. కూర్చున్నవానిని లేపి ఆ చోటులో కూర్చోవద్దని దైవప్రవక్త (స) వారించారు. నీళ్ళు త్రాగడానికి లేచి తిరిగివచ్చేవానికి ఆ చోటుపై హక్కు ఉంటుంది. అయితే బెంచీ మీద కూర్చొని పావుగంటసేపు ఫోను చూసుకునేవాడు ఈ హక్కును సాకుగా చూపరాదు. అది వ్యాయామానికి ఉన్న చోటు.

దారిలో నుండి బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని మనం పిల్లలకు మొదటి తరగతులలోనే నేర్పుతాం. నేల మీద వదిలేసిన డంబెల్ దారిలోని రాయి వంటిదే. మరొకరి కాలికి తగలకముందే దానిని తీసి దాని చోట పెట్టాలి. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిని మసీదుకు రావద్దని చెప్పడంలో తోటివారికి వాసన బాధ కలగరాదన్న సూత్రం ఉన్నది. తువ్వాలు తెచ్చుకోవడం, బెంచీ మీది చెమట తుడవడం, ఉతికిన బట్టలు వేసుకోవడం ఆ సూత్రం కిందికే వస్తాయి.

దుస్తుల విషయంలోనూ అశ్రద్ధ కనిపిస్తున్నది. పురుషునికి నాభి నుండి మోకాలి వరకు సతర్ అని అధికసంఖ్యాక ధర్మవేత్తల అభిప్రాయం. జిమ్ గుమ్మం దాటినంతమాత్రాన ఆ నియమం సడలిపోదు. చూపుల సంగతి కూడా అంతే. నూర్ సూరాలో చూపును అదుపులో ఉంచుకోవాలన్న ఆజ్ఞ మొదట పురుషులకే వచ్చింది, ఆ తరువాతనే స్త్రీలకు వచ్చింది. అద్దంలో చూడడం చూడడం కాదని ఎవరైనా అనుకుంటే అది తమను తాము మోసగించుకోవడమే.

పక్కవాని దేహం అమానత్

మజ్లిస్‌లు అమానత్‌లని హదీసులో వచ్చింది. నలుగురు నమ్మకంతో కూడిన చోట కన్నది, విన్నది బయటవేయడానికి మనకు అధికారం లేదు. వ్యాయామశాలలో మనిషి తన అతిబలహీన స్థితిలో ఉంటాడు. ఊపిరి అందక నోరు తెరుస్తాడు, బరువు లేవక వణుకుతాడు, ముఖం వికారంగా మారుతుంది. తోటివారు ఇదే స్థితిలో ఉన్నారు గనుక అతడు సిగ్గుపడడు. ఆ నమ్మకం మీదనే ఆ గది నడుస్తున్నది.

కెమెరా ఆ నమ్మకాన్ని తెంచుతుంది. తీసేవాడు తన రీల్ కోసమే తీస్తున్నానంటాడు. కాని నాలుగు వైపులా అద్దాలున్న గదిలో ఇతరులు పడకుండా తీయగల కోణం దొరకడం కష్టం. చిత్రాలు, వీడియోల గురించి ధర్మపండితుల మధ్య ఉన్న చర్చలోకి మేము ఇక్కడ వెళ్ళడం లేదు. ఆ చర్చలో ఎవరి అభిప్రాయం ఏదైనా, ఒక మనిషిని అతని అనుమతి లేకుండా చిత్రించి నవ్వులపాలు చేయడం ధర్మసమ్మతమని చెప్పే పండితుడు ఎవరూ లేరు. ఎగతాళిని, గూఢచర్యాన్ని, పరోక్షనిందను మూడింటినీ హుజురాత్ సూరా వరుస ఆయతులలో నిషేధించింది. ఒక్క దొంగవీడియో ఈ మూడు నిషేధాలనూ ఒకేసారి ఉల్లంఘించగలదు.

మా దృష్టికి వచ్చిన ఒక సంగతి చెబుతాము. మా వద్ద నాజిరా చదివి ఇప్పుడు కళాశాలకు వెళ్తున్న ఒక అబ్బాయిది కాస్త భారీ దేహం. తండ్రికి మధుమేహం ఉన్నందున బరువు తగ్గమని వైద్యుడు చెబితే జిమ్ములో చేరాడు. రెండవ వారంలో ట్రెడ్‌మిల్ మీద అడుగు తప్పి పడ్డాడు. మరొక యువకుడు దానిని తీసి, పాట జోడించి, వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఆ వీడియో రెండు రోజులలో మొహల్లా అంతా తిరిగింది. అబ్బాయి జిమ్ము మానేశాడు. తరువాత తన వీధి మసీదుకు రావడం కూడా మాని, దూరంగా ఉన్న మసీదుకు వెళ్ళసాగాడు. వీడియో తీసినవాడు కూడా నమాజీయే. తమాషాకే చేశానన్నాడు. పెద్దలు కూర్చొని విషయం వివరించిన తరువాత అతడు ఆ ఇంటికి వెళ్ళి, అబ్బాయినీ అతని తల్లినీ క్షమాపణ కోరాడు. వారు క్షమించారు. కాని ఎన్ని ఫోనులలోకి వెళ్ళిందో తెలియని వీడియోను వెనక్కి తెచ్చే మార్గం ఎవరి వద్దా లేకపోయింది. నేడు ఆ అబ్బాయి ఫజ్ర్ తరువాత తండ్రితో కలిసి నడకకు వెళ్తున్నాడు. జిమ్ముకు మాత్రం తిరిగి వెళ్ళలేదు.

దాసుల హక్కుకు సంబంధించిన పాపం తౌబాతో మాత్రమే తీరదని, హక్కుదారుడు మన్నించాలని మనకు తెలుసు. సదఖయె జారియా చేసినవానికి మరణానంతరం కూడా పుణ్యం చేరుతూ ఉంటుంది. ఇతరులను అవమానించే వీడియో దానికి సరిగ్గా విరుద్ధమైనది. తీసినవాడు నిద్రపోయినా అది చేతులు మారుతూనే ఉంటుంది.

సోదరీమణుల వేళలలో

చాలా జిమ్ములలో మహిళలకు ప్రత్యేక వేళలు ఉంటాయి. ఆ వేళలో పరపురుషులు ఉండరన్న నమ్మకంతోనే మన సోదరీమణులు బురఖా తీసి, జుట్టు ముడివేసుకొని వ్యాయామం చేస్తారు. అక్కడ ఒక స్త్రీ తన వీడియో తీసుకొని ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే, అద్దంలో వెనుక కనిపించే మరో స్త్రీ హిజాబ్ వేలమంది ముందు తొలగిపోయినట్లే. ఇతరుల ఇళ్ళలోకి అనుమతి లేకుండా ప్రవేశించవద్దని ఖుర్ఆన్ చెప్పినప్పుడు దాని వెనుక ఉన్న వివేకం ఇదే: మనిషి తన ఆచ్ఛాదన సడలించే చోటు రక్షితంగా ఉండాలి. మహిళల వేళలో ఫోనులను గుమ్మం వద్దనే పెట్టించే ఏర్పాటు చేయమని యాజమాన్యాన్ని అడగడం సోదరీమణుల హక్కు. అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

ఇది మతానికి మాత్రమే పరిమితమైన సున్నితత్వం కాదు. 2016లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో ఒక మోడల్, జిమ్ములో దుస్తులు మార్చుకునే గదిలో ఉన్న 70 ఏళ్ళు దాటిన వృద్ధురాలి ఫొటోను రహస్యంగా తీసి, ఆమె దేహాన్ని హేళన చేస్తూ స్నాప్‌చాట్‌లో పెట్టింది. మరుసటి ఏడాది న్యాయస్థానం ఆమెకు 30 రోజుల సమాజసేవను, మూడేళ్ళ ప్రొబేషన్‌ను విధించింది. మన దేశంలో గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో తీర్పునిచ్చింది. ఒకరి మర్మస్థానాల చిత్రాన్ని అనుమతి లేకుండా తీసినా, ప్రచారం చేసినా సమాచార సాంకేతిక చట్టం 66ఇ సెక్షను కింద మూడేళ్ళ వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఏకాంతంలో ఉన్న స్త్రీని దొంగచాటుగా చిత్రించడం 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను ప్రకారం నేరం.

ఎంత పెరిగినా చాలదనిపించే దేహం

కెమెరా చేసే రెండవ నష్టం తీసుకునేవానికే జరుగుతుంది. కర్మలు సంకల్పాల మీద ఆధారపడి ఉంటాయన్నది సహీహ్ బుఖారీలోని మొదటి హదీసు. ఆరోగ్యం కోసం జిమ్ములో చేరినవాడు కొన్నాళ్ళకు లైకుల కోసం బరువులెత్తడం మొదలుపెడితే, రియా ఎక్కడ ప్రవేశించిందో అతనికే తెలియదు. తాను ఎత్తగల బరువు కంటే చూసేవారు మెచ్చే బరువును ఎత్తబోయి నడుము, భుజం పాడుచేసుకునేవారూ ఉన్నారు.

పైగా తెర మీద కనిపించే దేహం నిజమైన కొలబద్ద కాదు. బరువులెత్తిన వెంటనే కండరాలలోకి రక్తం చేరి అవి కాసేపు ఉబ్బుతాయి. ఆ నిమిషాలలో, పైనుండి పడే వెలుతురులో, అనుకూలమైన కోణంలో తీసిన చిత్రమే మనకు చేరుతుంది. పోటీలలో కనిపించే దేహం ఆహారాన్నీ నీటినీ తగ్గించి ఆ ఒక్కరోజు కోసం సిద్ధం చేసినది. దానిని ఏడాది పొడవునా ఉండవలసిన రూపంగా భావించిన బాలుడు అద్దంలో తనను చూసుకొని కుంగిపోతాడు.

అమెరికా మనోవైద్యుడు హారిసన్ పోప్, ఆయన సహచరులు 1990లలోనే ఈ స్థితిని వర్ణించి, 1997లో దీనికి మజిల్ డిస్‌మార్ఫియా అని పేరుపెట్టారు. కండలు తిరిగి ఉన్నా తాను సన్నగా, అల్పంగా ఉన్నానని నమ్మడం దీని లక్షణం. 2013లో వెలువడిన అమెరికా మనోవ్యాధుల వర్గీకరణ గ్రంథం దీనిని దేహరూప వైకల్య భ్రమలో ఒక రకంగా గుర్తించింది. పదేపదే అద్దం చూసుకోవడం, వలీమా విందులకు రాకపోవడం, వ్యాయామం ఒక్కరోజు తప్పితే అల్లాడిపోవడం తల్లిదండ్రులు గమనించదగిన గుర్తులు. కండలు కరుగుతాయన్న భయంతో రంజాన్ ఉపవాసాలు వదిలేసే యువకులను మేము చూశాము. దేహం సేవకుని స్థానం విడిచి యజమాని అయినదనడానికి అంతకు మించిన సూచన ఏముంటుంది?

ఈ అసంతృప్తి నుండే సూదుల మార్గం తెరుచుకుంటుంది. అనబాలిక్ స్టెరాయిడ్లు బయటి నుండి ఎక్కినప్పుడు దేహం తన స్వంత పురుష హార్మోను ఉత్పత్తిని తగ్గించుకుంటుంది. వృషణాలు కుంచించుకుపోయి సంతానశక్తి దెబ్బతినవచ్చు. గుండెకు, కాలేయానికి హాని కలుగుతుంది. శస్త్రచికిత్స సమయంలో పడిపోయిన రక్తపోటును పెంచడానికి వాడే మెఫెంటెర్మైన్ ఇంజెక్షన్లు జిమ్ములకు వెళ్ళేవారికి అమ్ముతుండగా హైదరాబాదులో అధికారులు పట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. స్వహస్తాలతో వినాశనంలో పడవద్దన్న ఖుర్ఆన్ హెచ్చరికకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు.

సన్నని పిక్కల బరువు

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) సన్నని దేహం కలవారు. ఒకనాడు మిస్వాక్ కోసం చెట్టెక్కినప్పుడు గాలికి వస్త్రం తొలగి, ఆయన సన్నని పిక్కలను చూసి కొందరు నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారని దైవప్రవక్త (స) అడిగారు. కారణం తెలుసుకొని, ప్రళయదినాన తూచే త్రాసులో ఆ పిక్కలు ఉహద్ పర్వతం కంటే బరువుగా ఉంటాయని చెప్పారు. మన ప్రాంతంలో అధికులు అనుసరించే హనఫీ ఫిఖ్‌హ్‌కు మూలపరంపర ఆ సన్నని మనిషి వద్దకే చేరుతుంది.

జిమ్ములో నవ్వు వినబడినప్పుడు మన యువకులు ఈ సంఘటనను జ్ఞాపకం చేసుకోవాలి. ఆనాడు ఆ నవ్వు ఒక్క ప్రశ్నతో ఆగిపోయింది. ఎందుకు నవ్వుతున్నావు, ఎందుకు తీస్తున్నావు, అతని అనుమతి అడిగావా అని అడిగే ఒక్క మిత్రుడు ఉన్నా చాలు, అనేక వీడియోలు పుట్టకముందే ఆగుతాయి.

తల్లిదండ్రులకు మా మనవి ఒకటే. కొడుకును లావు అని, బక్క అని ఇంట్లో పిలిచే అలవాటు మానండి. జిమ్ము రుసుము కట్టేటప్పుడు అక్కడ ఏ పొడులు, ఏ సూదులు ఇస్తున్నారో కూడా అడగండి. నీ ప్రభువుకు, నీ దేహానికి, నీ ఇంటివారికి నీపై హక్కులున్నాయని హజ్రత్ సల్మాన్ (రజి) తన సోదరునికి చెప్పగా, దైవప్రవక్త (స) ఆ మాట నిజమని ధ్రువీకరించారు. ఈ మూడు హక్కులలో ఏదీ మరొకదానిని మింగకుండా చూడడమే నిజమైన తాలీం.

అద్దం చూసుకునేటప్పుడు చదవమని ముస్లిం ఇళ్ళలో పిల్లలకు ఒక దుఆ నేర్పుతారు. రూపాన్ని అందంగా తీర్చినట్లే నడవడికనూ అందంగా తీర్చమని అల్లాహ్‌ను వేడుకోవడం దాని సారాంశం. నాలుగు వైపులా అద్దాలున్న గదిలోకి వెళ్ళే మన పిల్లలకు ఆ దుఆ అర్థంతో సహా నేర్పుదాం. అల్లాహ్ వారి దేహాలకు బలాన్ని, చూపులకు హయాను, చేతులకు అమానత్ కాపాడే సామర్థ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.