కడలి లేని సీమలో గంగపుత్రులు

సముద్రతీరమున పల్లెకారుల తొలి నివాసములెట్లేర్పడినవో ఊహించుట కష్టము కాదు. పడవ నిలుపుటకు ఏటి మొగ, వల ఆరవేయుటకు ఇసుకదిబ్బ, త్రాగుటకు మంచినీటి చెలమ, ఈ మూడును కలిసినచోట పల్లె వెలయును. మరి కడలిగాలి సోకని కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో వలనే నమ్ముకొన్న బెస్తవారు ఎక్కడ స్థిరపడిరి?

ఈ రెండు పూర్వపు జిల్లాలకు గోదావరియే ఎల్ల. దక్షిణపు గట్టున ధర్మపురి, కోటిలింగాల, మంథని. ఉత్తరపు గట్టున లక్షెట్టిపేట, మంచిర్యాల, చెన్నూరు. వానకాలమున గట్టులొరసి పారు నది వేసవిలో సన్నని పాయలై ఇసుకలో చిక్కిపోవును. అప్పుడు చేప మడుగుల జేరును. లోతైన మడుగును, జనము దాటు రేవును దగ్గరగా ఉన్నచోట బెస్తవానికి ఏడాది పొడవునా కూడు దొరకును: ఎండకాలమున వల, వానకాలమున పడవ. రాయపట్నము వద్ద వంతెన కట్టకమునుపు ఆవలి గట్టునకు పోవలసినవారికి పడవయే దిక్కు. పల్లకీలు మోసిన బోయీలును పెక్కుచోట్ల వీరే.

పెద్దవాగు గోదావరిలో కలియు కోటిలింగాలలో 1979 మొదలు త్రవ్వకములు జరిగినవి. ఇటుక కట్టడములు, శాతవాహన వంశకర్త శ్రీముఖుని నాణెములు, అతనికి ముందటి గోబద, నారన, సమగోపుల నాణెములు బయల్పడినవి. అనగా రెండువేల యేండ్లకు పూర్వమే ఇచట పట్టణముండెను. పట్టణమునకు చేపయు, రేవునకు పడవయు కావలసియే యుండును గదా! నాణెము మట్టిలో నిలుచును, నూలు వల నిలువదు. అందుచే రాజుల పేర్లు దక్కినవి గాని వారిని ఏరు దాటించినవారి పేర్లు దక్కలేదు. (భారతమున వ్యాసుని తల్లి సత్యవతి దాశరాజు పెంచిన బిడ్డయని పాఠము చెప్పు ఉపాధ్యాయులు ఆ దాశరాజు వృత్తి యేమో గూడ పిల్లలకు చెప్పవచ్చును.)

కాకతీయుల కాలమున చెరువులు పెరిగినకొలది వలలు ఏటిగట్టు విడిచి ఊరూర చెరువుకట్టలకు చేరియుండును. చేపవృత్తిలో ముదిరాజులును ఉన్నారు. చెరువుల సహకార సంఘములలో హక్కు ఎవరిదని ఇటీవలి దశాబ్దములలో ఇరువురకును వివాదములు రేగినవి. కనుక ముందెవరు వచ్చిరను ప్రశ్న ఇచట ఒట్టి చరిత్ర ముచ్చట కాదు, కూటి మాట.

1963లో పోచంపాడు వద్ద శ్రీరామసాగరమునకు శంకుస్థాపన జరిగినది. తరువాత కరీంనగరు చెంత మానేరుకు, ఎల్లంపల్లి వద్ద గోదావరికి ఆనకట్టలు లేచినవి. పారు నీట వల విసరు నేర్పు వేరు, నిలువనీట వల పన్ను నేర్పు వేరు; రెండవది బెస్తలు క్రొత్తగా నేర్వవలసివచ్చెను. ఎల్లంపల్లి వెనుకనీరు కోటిలింగాల గట్టుదాక ఎక్కినది. రేవేదో, మడుగేదో ఇప్పుడా నీటిపై తెలియదు.