గడియ పడని తలుపులు

"ఎవరర్రా వీధి తలుపు బార్లా తీసి వదిలేసిందీ?" దీపాలు పెట్టే వేళ ఈ కేక వినబడని తెలుగు ఇల్లు తక్కువ. కేక వేసిన అమ్మమ్మగారికి దొంగల భయమో, దోమల భయమో మనకు తెలియదు గాని, ఆవిడ నోట వచ్చిన ఆ 'బార్లా' మాత్రం బహు చక్కని మాట. రెండు చేతులూ చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా వుండే కొలత బార. నూతి లోతూ, చేంతాడు పొడవూ మనవాళ్ళు బారల్లోనే చెప్పేవారు. తలుపు బార్లా తీసివుందంటే, ఇల్లు రెండు చేతులూ చాచి నిలబడ్డట్టే వినిపిస్తుంది నా చెవికి. ఆ చేతులు చాచింది చుట్టాన్ని కౌగిలించుకోవడానికా, దొంగకు లొంగిపోవడానికా అన్నది మాట చెప్పదు. వచ్చేవాణ్ణి బట్టి వుంటుంది.

తెరిచి వుండడాన్ని చెప్పే మన మాటలు చాలావాటికి ఈ రెండు ముఖాలూ వున్నాయి. 'దాపరికం లేని మనిషి' అంటే మెచ్చుకోలు. 'వాడి నోట్లో నువ్వుగింజ నానదు' అంటే తిట్టు. చూడబోతే ఇద్దరూ చేసే పని ఒకటే!

అన్నట్టు, 'బట్టబయలు'లో బట్టకేమీ ప్రమేయం లేదు సుమా. బయలు, బయలు అని రెండుసార్లు నొక్కి చెప్పేటప్పుడు, మొదటి బయలులో తొలి అక్షరం ఒక్కటే నిలుస్తుంది. తక్కినదాని చోట జంట టకారం వచ్చి కూర్చుంటుంది. పగలు పగలు పట్టపగలైనట్టు, నడుమ నడుమ నట్టనడుమ అయినట్టు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో దీనికి సూత్రమే వుంది. బడిలో ద్విరుక్తటకార సంధి అని బట్టీ పట్టినవారికి అది ఇవాళ పనికొచ్చింది. దొంగతనం పట్టపగలు జరగడం, దొంగ గుట్టు బట్టబయలు కావడం, రెండూ ఒకే సంధికి చిక్కడం తమాషాగా లేదూ?

ఇక అజాగ్రత్త సంగతి. జాగ్రత్త అన్నది సంస్కృతంలో జాగరణకు దగ్గర చుట్టం. అంటే మేలుకుని వుండడం. మన 'మెలకువ' కూడా అంతే. నిద్ర లేవడమూ మెలకువే, పనిలో నేర్పూ మెలకువే. కొన్ని జిల్లాల్లో నిద్ర లేచినవాణ్ణి "తెలివొచ్చిందా?" అని అడుగుతారు. ఈ లెక్కన అజాగ్రత్త అంటే ఒక రకం నిద్రే. అయితే నిద్రనంతటినీ పెద్దలు తప్పు పట్టలేదు. ఉయ్యాల్లో పాప ఆదమరచి నిద్రపోతుంటే దిష్టి తీస్తాం. కావలివాడు ఆదమరచి నిద్రపోతే జీతం కోస్తాం. పాప పక్కన తల్లి మేలుకుని వుంది. కావలివాడి పక్కన ఎవరూ లేరు. తేడా అంతా అక్కడే.

అన్నిటికన్నా చిత్రమైన కథ 'ప్రమాదం'ది. సంస్కృతంలో ఆ మాటకు అర్థం ఏమరుపాటు. బండి బోల్తా పడడం కాదు, బండి తోలేవాడు కునకడం. ధమ్మపదంలో రెండో అధ్యాయం పేరు అప్పమాద వగ్గం. ఏమరకుండా వుండడాన్ని గురించిన అధ్యాయం అది. ఆ పాత అర్థాన్ని మనం 'అప్రమత్తం'లో మాత్రం భద్రంగా దాచుకున్నాం. ప్రమాదాన్ని మటుకు కారణం దగ్గర నుంచి లేపి ఫలితం దగ్గర కూచోబెట్టాం. ఇప్పుడు 'ప్రమాదవశాత్తు' అంటే ఎవరి తప్పూ లేకుండా అని! ఏమరుపాటును చెప్పవలసిన మాటే ఏమరినవాణ్ణి కాపాడుతోంది. 60 సంవత్సరాల్లో 47వది ప్రమాదీచ. అసలు పేరు ప్రమాది. చివర వున్న 'చ' శ్లోకంలో 'మరియు' అనే అర్థంతో వచ్చిన అక్షరం. ఏమరుపాటు పేరు పెట్టుకున్న సంవత్సరానికి ఆ అక్షరం ఏమరుపాటునే అంటుకుపోయింది. 1973 ఉగాదికి వచ్చింది, మళ్ళీ 2033లో వస్తుంది.

'పరాకు' కూడా ఇలాంటిదే. మనసు ఇక్కడ లేకపోతే పరాకు. రాజుగారి ముందు నడిచేవాళ్ళు 'బహుపరాక్' అని ఎత్తుకుంటే హెచ్చరిక.

ఇంతవరకూ తలుపు వుండీ వేసుకోని వాళ్ళ ముచ్చట. అసలు తలుపే లేనివాళ్ళో? దిక్కు అంటే తూర్పూ, పడమరా. దిక్కు అంటే ఆదుకునే మనిషి కూడా. 'దిక్కులేనివాడు' అంటే జాలి. 'దిక్కుమాలినవాడు' అంటే తిట్టు. మాలిన అన్నా లేని అనే కదా! కాపాడేవాళ్ళు లేకపోవడం ఆ మనిషి చేసిన నేరమన్నట్టు, జాలిని తిట్టుగా మార్చుకున్నాం.

నిఘంటువులో వున్నంతసేపూ దీనివల్ల నష్టం లేదు. ఇంట్లోకి వస్తేనే చిక్కు. బ్యాంకు ఆఫీసరునని ఫోనులో నమ్మబలికి, ఓటీపీ అంకెలు చెప్పించుకుని, పింఛను డబ్బు ఊడ్చుకుపోయేవాళ్ళు ఇవాళ వున్నారు. అలా మోసపోయిన పెద్దాయన తలుపు వెయ్యడం మరచినవాడా, మర్యాదస్థుడనుకుని తీసినవాడా, ఈ కొత్త వీధిలో తలుపే లేనివాడా? మనం చూడం. "అంత పరాకేమిటి, బుద్ధి గడ్డి తిందా?" అనేస్తాం. దోచినవాణ్ణి మటుకు "ఎంత చాకచక్యం!" అంటాం.

ఆ మాటలు పడవలసి వస్తుందనే చాలామంది పెద్దవాళ్ళు ఇంట్లో నోరు మెదపరు. ఇలాంటి మోసాలు చెప్పుకోవడానికి 1930 అనే ఫోను నంబరు వుంది. వెంటనే చెబితే డబ్బు ఇంకా చేతులు మారకముందే పట్టి ఆపే అవకాశం వుంటుంది. సిగ్గుపడి రెండు రోజులు ఊరుకుంటే, ఆ డబ్బు ఎన్ని ఖాతాలు దాటిపోతుందో!

"ఎందుకు చెప్పారు?" అనకుండా, "ఎంతసేపయింది, మావయ్యగారూ?" అని అడిగి ఫోను చేతికి తీసుకునే కోడళ్ళూ వున్నారు.