ఫ్రీజర్ ప్యాకెట్లు – రోగి ఉన్న ఇంట్లో ఏవి కొనవచ్చు?

రోగిని ఇంటికి పంపే రోజున ఆహార నియమాలు చెబుతుండగా, ఉద్యోగాలకు వెళ్ళే కోడళ్ళు, కూతుళ్ళు తరచుగా అడిగే మాట ఇది: "సిస్టర్, పొద్దున్నే వండే తీరిక ఉండదు. ఫ్రీజర్ ప్యాకెట్లు వాడవచ్చా?" వాడవచ్చు. అయితే అన్నీ కాదు.

గడ్డకట్టించడం వలన ఆహారంలోని బలం పోతుందని చాలామంది అనుకుంటారు. పచ్చి బఠాణీలను కోసి, ఒలిచి, వేడినీళ్ళలో కొద్దిసేపు ఉంచి, త్వరగా గడ్డకట్టిస్తారు. అందువలన పోషకాలు చాలావరకు నిలిచి ఉంటాయి. నాలుగు రోజులు బుట్టలో వాడిన కూరగాయల కంటె ఇవి తీసిపోవు. హాని చేసేది చలి కాదు, అంతకుముందే అందులో కలిపిన ఉప్పు, నూనె, మైదా.

కాబట్టి ప్యాకెట్టు ముందున్న బొమ్మను చూడకండి, వెనుక చిన్న అక్షరాలు చదవండి. పదార్థాల జాబితాలో బఠాణీ ఒక్కటే, లేదా క్యారెట్, బీన్స్ మాత్రమే ఉంటే మంచిదే. షుగరు ఉన్నవారికి ఒక మాట: బఠాణీ, స్వీట్ కార్న్‌లలో పిండి పదార్థం ఉంటుంది. వాటిని పెట్టిన పూట అన్నం కొంచెం తగ్గించాలి.

పరోటాలు, సమోసాలు, నగ్గెట్స్ సంగతి వేరు. పోషక విలువల పట్టికలో "సోడియం" అన్న వరుస చూడండి. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే 1 గ్రాము ఉప్పు. పెద్దవారు రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గుండె బలహీనమైనవారికి డాక్టరుగారు ఇంకా తగ్గించమనవచ్చు. 100 గ్రాములకు 600 మిల్లీగ్రాములని రాసి ఉంటే, ఆ కొద్దిపాటి పలహారంతోనే గ్రామున్నర ఉప్పు లోపలికి వెళ్ళినట్లు. "ఊరగాయ పూర్తిగా మానిపించాం" అని చెప్పే ఇళ్ళలోనే ఇవి కనబడుతుంటాయి. కాళ్ళ వాపు, ఆయాసం తిరిగి రావడానికి ఇలాంటి ఉప్పు చాలు.

కిడ్నీ జబ్బు ఉన్నవారి కోసం చేప, రొయ్యల ప్యాకెట్లు కొనేటప్పుడు మరింత జాగ్రత్త. నీరు పట్టి ఉంచడానికి కొన్నింటిలో ఫాస్ఫేట్లు కలుపుతారు. జాబితాలో 451, 452 అనే అంకెలున్నవి వద్దు. బజారులో తాజా చేప తెచ్చుకోవడమే మేలు.

కొట్లో బఠాణీ ప్యాకెట్టును చేత్తో నొక్కి చూడండి. గింజలు విడివిడిగా కదలాలి. రాయిలా ఒకే ముద్దగా ఉంటే ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టి ఉండవచ్చు. అది తీసుకోవద్దు. చలికి క్రిములు చావవు, నిద్రపోతాయంతే. కరిగితే మళ్ళీ పెరుగుతాయి. అందుకే చేప, మాంసం గట్టు మీద పెట్టి కరగనివ్వకూడదు; ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి. కరెంటు పోయినప్పుడు ఫ్రీజరు తలుపు తెరవకండి. పూర్తిగా కరిగి, వెచ్చబడిన మాంసం, చేప పారవేయక తప్పదు. ఖరీదు చూసుకుని దాచితే రోగికి విరేచనాలు పట్టుకుంటాయి.

ఇంట్లో వండినదే ఫ్రీజర్లో పెట్టుకోవడం నాకు అన్నిటికంటె నచ్చిన పద్ధతి. ఆదివారం ఆరాధన నుండి వచ్చాక పప్పు, సొరకాయ కూర ఉప్పు లేకుండా వండి, 2 గంటల లోపల చిన్న డబ్బాల్లో సర్ది పెట్టండి. ఒక పూటకు ఒక డబ్బా తీసి, పొగలు వచ్చేదాకా వేడిచేస్తే సరిపోతుంది. మిగిలినవారు తమ కంచంలో ఉప్పు కలుపుకోవచ్చు.